బస్సు దిగితే నల్లమల

శ్రీశైలం బస్సుల్లో కూర్చుని ఏటా లక్షల మంది నల్లమలను దాటుతున్నారు. దిగి నడిచేవాళ్లు మాత్రం తక్కువ. రోడ్డు పడకముందు ఈ కొండకు వచ్చినవాళ్లంతా అడవి దారిన వచ్చినవాళ్లే. ఆ దారులు కృష్ణ లోయకు ఇరువైపులా ఇంకా ఉన్నాయి. వాటి మొదలు దాకా చేరడానికి సొంత బండి అక్కర్లేదు, ఆర్టీసీ టికెట్టు చాలు.

హైదరాబాదు ఎంజీబీఎస్‌లో తెల్లవారుజామున శ్రీశైలం బస్సెక్కితే కల్వకుర్తి, డిండి దాటేదాకా కనిపించేవి చేలు, ఊళ్లు, హోటళ్లే. మన్ననూరు చెక్‌పోస్టు దాటగానే ఊళ్లు ఆగిపోతాయి. రోడ్డుకు రెండు పక్కలా టేకు, నల్లమద్ది, వెదురు. కొండముచ్చులు పిట్టగోడల మీద కూర్చుని ఉంటాయి. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 దాకా ఇక్కడ గేటు మూసేస్తారు. ఆ వేళలో రోడ్డు జంతువులది. ఫరహాబాదు, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట దాటాక బస్సు మలుపులు తిరుగుతూ దిగుతుంది. అక్కడ కృష్ణ, దాని మీద శ్రీశైలం డ్యాం కనిపిస్తాయి. అవతలి గట్టెక్కితే సున్నిపెంట, ఆపైన శ్రీశైలం.

ఆంధ్ర వైపు నుంచి రెండు దారులున్నాయి. విజయవాడ, గుంటూరు బస్సులు వినుకొండ, దోర్నాల మీదుగా వస్తాయి. కర్నూలు బస్సులు నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా దోర్నాల చేరి ఘాట్ ఎక్కుతాయి. రైల్లో వచ్చేవాళ్లు మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి బస్సు పట్టుకోవచ్చు. దోర్నాల నుంచి శ్రీశైలం దాకా సుమారు 50 కిలోమీటర్లు, అంతా అడవే.

ఈ మూడు రోడ్లనూ నడక దారులకు చేర్చే దారులుగా చూస్తే నల్లమల పటం కొత్తగా కనిపిస్తుంది. మన్ననూరు, వటవర్లపల్లి, ఆత్మకూరు, శిఖరం, సాక్షి గణపతి లాంటి మామూలు బస్టాపుల పక్కనుంచే ఒక్కో లోయలోకి దారి ఉంది.

నాలుగు వాకిళ్ల కొండ

శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలని పెద్దలు ఏనాడో లెక్కగట్టారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. నాలుగూ నాలుగు రకాల అడవి అంచులు. ఏ దిక్కు నుంచి వచ్చే యాత్రికుడు ఏ ఊళ్లో ఆగి, ఏ దేవుణ్ని మొక్కి అడవిలోకి దిగాలో చెప్పే దారిపటం అది. పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రలో ఈ కొండ కోసం ఒక ప్రకరణాన్నే కేటాయించాడు, దాని పేరు పర్వత ప్రకరణం. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. అదే శతాబ్దం చివర్లో విజయనగర రాజు రెండో హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు వేయించింది. 1677లో శివాజీ ఈ కొండకు వచ్చాడు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారిలో శ్రీశైలం చూశాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివితే ఆత్మకూరు వైపు నుంచి అడవిలో సాగిన మజిలీలు తెలుస్తాయి.

రాజులు, రాణులు మెట్లు కట్టించింది నడిచేవాళ్ల కోసమే. బస్సొచ్చాక ఆ మెట్లలో చాలావాటి మీద నాచు పట్టింది. అయినా కొన్ని దారుల్లో ఏటా జనం నడుస్తూనే ఉన్నారు.

పెద్ద దారి: వెంకటాపురం నుంచి కైలాసద్వారం

నల్లమలలో నడక అంటే ముందు చెప్పుకోవాల్సింది ఈ దారినే. ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో అడవిలోకి అడుగుపెట్టి నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను మీదుగా కైలాసద్వారం ఎక్కితే శ్రీశైలం. దాదాపు 40 కిలోమీటర్లు. శివరాత్రికీ ఉగాదికీ ఈ దారి తెరుస్తారు. మిగతా రోజుల్లో ఇది పులుల అభయారణ్యం లోపలి భాగం, అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు.

ఉగాదికి ఈ దారి నిండా కన్నడమే వినిపిస్తుంది. రాయచూరు, బళ్లారి, బాగల్‌కోట, విజయపుర వైపు నుంచి, మహారాష్ట్ర నుంచి కూడా భక్తులు ఇళ్ల దగ్గరే నడక మొదలుపెట్టి రోజుల తరబడి వస్తారు. వాళ్లకు భ్రమరాంబ ఆడపడుచు, మల్లన్న అల్లుడు. పండక్కి పుట్టింటివాళ్లు తెచ్చినట్టే చీర, పసుపు, కుంకుమ సారెగా తెస్తారు. ముసలివాళ్లు, చంకన పిల్లలున్న తల్లులు, నెత్తిన మూటలు పెట్టుకున్నవాళ్లు ఒకే వరసలో సాగుతారు. బలమైన బూట్లు, ఖరీదైన సంచులు లేకుండానే ఇంత దూరం నడవచ్చని ఈ జనాన్ని చూస్తే తెలుస్తుంది. వాళ్ల బలం తోడులో ఉంది. ఎవరికైనా కాలు నొప్పి పుడితే గుంపు మొత్తం కూర్చుంటుంది.

నాగలూటిలో వీరభద్రుడి గుడి ఉంది. అక్కడ పాత రాతిమెట్లు ఎక్కుతుంటే కొండ మొదలైందని మోకాళ్లకు ముందు తెలుస్తుంది. పైకెక్కాక అడవి చదునవుతుంది. చిరుమాను, తునికి, యేగి చెట్ల మధ్య ఎర్రమట్టి దారి. శివరాత్రి నాటికి ఆకు రాలిపోయి, మోదుగ పూసి ఉంటుంది. నీడ తగ్గుతుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరి ఎండ ముదిరేలోగా మజిలీ చేరడం ఇక్కడి పద్ధతి. ఎక్కువమంది రాత్రి ఆగేది పెద్దచెరువులో. చెంచు గూడెం, పక్కనే చెరువు. చలివేంద్రాలు, అన్నదానం పందిళ్లు, వైద్యశిబిరాలు పండగ రోజుల్లో ఈ దారి పొడవునా వెలుస్తాయి.

రెండో రోజు అసలు లోయ ఎదురవుతుంది. దారి ఉన్నట్టుండి అంచుకు వస్తుంది, కింద భీమునికొలను. ద్రౌపదికి దప్పికయితే భీముడు గదతో కొట్టి నీళ్లు తెప్పించిన చోటని స్థలపురాణం. రెండు రాతిగోడల మధ్య వాగు, గుండాలు, పైన చెట్ల కొమ్మలు. దిగిన లోతంతా మళ్లీ ఎక్కాలి. వందల మెట్లు, ఒక్కోటి ఒక్కో ఎత్తు. ఆ మెట్ల కొసన కైలాసద్వారం. నడిచి వచ్చినవాళ్లకు శ్రీశైలం గడప ఇదే. గుడి ఇంకా దూరంగానే ఉంటుంది. అయినా చాలామంది ఇక్కడే సాష్టాంగపడతారు, కొందరు ఏడుస్తారు. బస్సులో రెండు గంటల్లో కొండెక్కిన మనకు ఆ కన్నీళ్లు అర్థం కావాలంటే ఆ మెట్లు ఎక్కి తీరాలి.

ఒక్క పూట నడక: శ్రీశైలం చుట్టుపక్కల

రెండు రోజుల నడకకు ఒళ్లు సిద్ధంగా లేనివాళ్లకు శ్రీశైలంలోనే ఒక పూట దారి ఉంది. ఊరి నుంచి దోర్నాల రోడ్డు వెంట బయల్దేరితే ముందు సాక్షి గణపతి. ఆ తర్వాత ఫాలధార పంచధార, హాటకేశ్వరం ఎదురెదురుగా వస్తాయి. ఫాలధార పంచధారకు రోడ్డు నుంచి మెట్లు దిగాలి. కొండ నుదుటి నుంచి కారినట్టు సన్నటి ధారలు, చుట్టూ చల్లదనం. ఆదిశంకరులు ఇక్కడ తపస్సు చేశారని నమ్మకం. ఇంకాస్త ముందుకు పోతే శిఖరేశ్వరం. సముద్రమట్టానికి సుమారు 2,830 అడుగుల ఎత్తున ఉన్న ఆ చోటు నుంచి శ్రీశైల ఆలయ శిఖరం చూస్తే మళ్లీ పుట్టుక ఉండదని తరతరాల విశ్వాసం. విశ్వాసం సంగతి ఎలా ఉన్నా, అక్కడ నిలబడితే నాలుగు వైపులా మడతలు మడతలుగా కొండలు కనిపిస్తాయి. నల్లమల ఎంత పెద్దదో ఒక్క చూపులో తెలిసే చోటు అది.

ఊరి నుంచి శిఖరానికి దాదాపు 8 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు నడిచి, వచ్చేటప్పుడు దోర్నాల వైపు నుంచి వచ్చే బస్సెక్కితే ఒక పూట సరిపోతుంది. హాటకేశ్వరం వైపు నుంచి కైలాసద్వారానికి మట్టిదారి ఉంది. అటవీ సిబ్బందిని అడిగి, అనుమతి ఉన్న రోజున అక్కడి నుంచి భీమునికొలనుకు దిగి రావచ్చు. దిగేటప్పుడు సగం నీళ్లే తాగండి. మిగతా సగం ఎక్కేటప్పుడు కావాలి.

పాతాళగంగ కూడా నడవదగ్గదే. రోప్‌వే ఉన్నా ఒక్కసారైనా మెట్ల మీద దిగండి. డ్యాం కట్టాక పాత మెట్లు కొన్ని నీళ్లలో మునిగాయి. మిగిలినవాటి మీద కూర్చుంటే ఎదురుగా తెలంగాణ గట్టు, మధ్యలో కృష్ణ. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం డ్యాం ఈ లోయ రూపాన్నే మార్చింది. ఒకప్పుడు రాళ్ల మధ్య ఉరికిన నది ఇప్పుడు జలాశయమై కొండల సందుల్లోకి చేతులు చాచింది.

ఉత్తర గట్టు: ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం

తెలంగాణ వైపు నల్లమలకు గుమ్మం అచ్చంపేట. అక్కడి నుంచి రంగాపురం వెళ్లి కొండెక్కితే ఉమామహేశ్వరం. ఘాట్ రోడ్డు ఉన్నా నడిచి ఎక్కేవాళ్లకు ఈ కొండ చాలా ఇస్తుంది. పైన గుడి నిలువు రాతిగోడ కింద ఉంది. ఆ గోడ గొడుగులా ముందుకు వంగి ఉండడంతో వానాకాలంలో నీళ్లు గుడి ముందు తెరలా పడతాయి. గుడి నుంచి పాపనాశనం దాకా రాతిగోడ నీడలోనే నడక. ఎండాకాలంలో కూడా అక్కడ బండ చెమ్మగిల్లే ఉంటుంది. సంక్రాంతికి ఇక్కడ బ్రహ్మోత్సవాలు జరుగుతాయి, బస్సులకు కొదవ ఉండదు.

వానలు వెళ్లిపోయి నెలలైనా ఈ ఊటలు ఎలా పారుతున్నాయి? జవాబు కాళ్ల కిందే ఉంది. ఈ పీఠభూమి పైపొర క్వార్ట్‌జైట్ రాయి. భూగర్భ శాస్త్రంలో దానికి శ్రీశైలం పేరే ఉంది. రాయి గట్టిదే, కానీ నిండా చీలికలు. వాన నీరు ఆ చీలికల్లోంచి మెల్లగా ఇంకి, కొండ అంచు తెగిన చోట బయటపడుతుంది. ఉమామహేశ్వరం బండ, ఫాలధార సన్నధార, మల్లెలతీర్థం జలపాతం అన్నీ ఆ చీలికల నీళ్లే. పైన అడవి ఉన్నంతకాలం వాన నీరు ఆగి ఇంకుతుంది. అడవి పోతే ఊట పోతుంది. ఈ నడకల్లో చాలావరకు ఏదో ఒక ఊట దగ్గర ముగుస్తాయన్నది గుర్తుపెట్టుకుంటే అడవిని కాపాడడం ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

మల్లెలతీర్థానికి శ్రీశైలం హైవే మీద వటవర్లపల్లి దగ్గర దిగాలి. అక్కడి నుంచి లోపలికి సుమారు 8 కిలోమీటర్లు. ఆటో దొరికితే ఆటో, లేదంటే నడక. చివర్లో 350 దాకా మెట్లు దిగితే లోయ అడుగున జలపాతం, మడుగు. వానలు తగ్గిన అక్టోబరు నుంచి జనవరి దాకా చూడాలి. మడుగులో బండలు నాచు పట్టి జారుతాయి కాబట్టి ఈత సరదా అక్కడ వద్దు. సాయంత్రం 4 లోగా పైకొచ్చి హైవే చేరాలి. గేటు పడేలోగా బస్సు దొరకాలి కదా.

లింగమయ్య లోయ: సలేశ్వరం

ఏడాదిలో కొద్దిరోజులే తెరిచే దారి సలేశ్వరానిది. చైత్ర పౌర్ణమికి జాతర. అచ్చంపేట నుంచి ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది. ఫరహాబాదు వైపు నుంచి అడవిలోకి వెళ్లి, వాహనాలు ఆగిన చోట దిగి, నాలుగైదు కిలోమీటర్లు కొండలు దిగి నడవాలి. దారంతా ఒకటే కేక: వస్తున్నాం లింగమయ్యా! తిరుగు దారిలో అదే గొంతులు పోయొస్తామని చెప్తాయి.

దారి చివర లోయ ఇరుకైపోతుంది. రెండు వైపులా నిలువు బండలు, ఎత్తు నుంచి పడే నీళ్లు, కింద గుండం, గుహలో లింగమయ్య. పూజారులు చెంచులే. మండుటెండలో వచ్చినవాళ్ల మీద ఆ నీళ్ల తుంపర పడే క్షణం కోసమే ఇన్ని వేలమంది ఇంత దూరం నడుస్తారనిపిస్తుంది. అయితే ఇది తేలికైన నడక కాదు. దారి ఇరుకు, జనం విపరీతం, ఎండ తీవ్రం. గుండెజబ్బు ఉన్నవాళ్లు, చంటిపిల్లలతో వచ్చేవాళ్లు పౌర్ణమి నాటి రద్దీని తప్పించుకోవడం మంచిది. ప్లాస్టిక్‌ను అటవీశాఖ అనుమతించదు. దాన్ని చెక్‌పోస్టు నిబంధనగా చూడకుండా లింగమయ్యకు చేసే సేవగా పాటించాలి.

కొంత పడవ, కొంత కాలు: అక్కమహాదేవి గుహలు

పాతాళగంగ నుంచి నదికి ఎదురుగా పడవలో వెళ్లి, దిగి కొండెక్కితే అక్కమహాదేవి గుహలు. దారి సుమారు 16 కిలోమీటర్లు, రెండు పక్కలా కొండలే. 12వ శతాబ్దపు కన్నడ కవయిత్రి, శివశరణి అక్కమహాదేవి ఈ అడవికి నడిచి వచ్చి తపస్సు చేసింది. ఈ ప్రాంతంలోని కదళీవనంలోనే మల్లన్నలో ఐక్యమైందని వీరశైవుల విశ్వాసం. గుహ ముందు సహజంగా ఏర్పడ్డ పెద్ద రాతి తోరణం ఉంది. లోపల ఇరుకైన చీకటి దారిలో వంగి, పక్కకు తిరిగి వెళ్లాలి. జలాశయంలో నీటిమట్టాన్ని బట్టే పడవలు తిరుగుతాయి కాబట్టి ముందురోజే పాతాళగంగ దగ్గర కనుక్కోవాలి.

ఒక్కర్తే స్త్రీ, కర్ణాటక నుంచి ఇంత దూరం, ఎనిమిది వందల ఏళ్ల కిందట. ఆ గుహ దాకా నడిచినప్పుడు ఆమె వచనాల కంటే ముందు ఆమె పాదాలు గుర్తొస్తాయి.

ఈ అడవిలో ఇంటివాళ్లు

ఈ దారులకు అసలు కాపరులు చెంచులు. యాత్రికులకు దారి చూపి, మృగాల నుంచి కాపాడి కొండ మీదికి చేర్చింది తరతరాలుగా వాళ్లే. మల్లన్న తమ పిల్లను చేసుకున్నాడని, తమ అల్లుడని, చెంచు మల్లయ్య అని చెప్పుకుంటారు. 1940 ప్రాంతంలో అమ్రాబాదు పీఠభూమి మీద వాళ్లతో కలిసి ఉన్న మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లో వాళ్ల మీద గ్రంథం ప్రచురించాడు. కొండ అంచు నుంచి తాడు కట్టుకుని వేలాడుతూ తేనె తీసే విద్య ఇప్పటికీ వాళ్ల దగ్గరుంది. చాలామంది అటవీశాఖలో పులుల కాపలాదారులుగా పనిచేస్తున్నారు. ఏ గడ్డి నలిగితే ఏ జంతువు నడిచిందో చెప్పగల చూపు వాళ్లది.

1983లో పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చిన నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం, రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వైపు అమ్రాబాదు అభయారణ్యంగా వేరైంది. పులికి ఆ గీత తెలియదు. చిరుత, ఎలుగు, రేచుకుక్క, కణితి, దుప్పి ఇవన్నీ ఈ దారులకు దగ్గర్లోనే తిరుగుతాయి. యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు రెండు రాష్ట్రాల జనం నల్లమల కోసం గొంతెత్తారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఒక్కసారి కూడా అడవిలో నడవనివాళ్లు సైతం ఆనాడు మాట్లాడారు. నడిచినవాళ్లు ఇంకా గట్టిగా మాట్లాడగలరు.

బయల్దేరే ముందు

• కాలం: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. జూలై నుంచి సెప్టెంబరు దాకా అభయారణ్యంలో సందర్శనలు ఆపేస్తారు. శివరాత్రి, ఉగాది, చైత్ర పౌర్ణమి నడకలకు ఎండను లెక్కలో పెట్టుకోవాలి.

• అనుమతి: వెంకటాపురం దారి, సలేశ్వరం పండగ రోజుల్లోనే. మిగతా లోపలి దారులకు ఆత్మకూరు, శ్రీశైలం, మన్ననూరు అటవీ కార్యాలయాల్లో అడగాలి. వద్దంటే వద్దనే అర్థం. ఆత్మకూరు–దోర్నాల రోడ్డు మీద బైర్లూటిలో అటవీశాఖ విడిది ఉంది, అక్కడ సిబ్బంది తోడుతో అడవి చూడవచ్చు.

• బస్సు: దిగిన వెంటనే తిరుగు బస్సు వేళ కండక్టరును అడగండి. రాత్రి 9కి గేట్లు పడతాయి. చీకటి పడ్డాక హైవే మీద బస్సు కోసం నిలబడొద్దు.

• సంచిలో: మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, పల్లీ చిక్కీ లేదా అటుకులు, టార్చిలైటు, టోపీ, చేతికర్ర. ఫోను సిగ్నలు చాలాచోట్ల అందదు, ఇంట్లో ముందే చెప్పి వెళ్లండి.

• చేయకూడనివి: ఒంటరి నడక, పాటల పెట్టెలు, కోతులకు తిండి, బీడీ సిగరెట్లు, మంటలు. మార్చిలో ఎండుటాకు మీద పడ్డ ఒక్క నిప్పురవ్వ కొండంతా కాల్చేస్తుంది.

• కొనుగోళ్లు: తేనె కావాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి. తేనె తీసినవాడికి ధర అందుతుంది.

అడగాల్సినవి, చేయాల్సినవి

ఈ దారులు నిలవాలంటే పెద్ద ప్రాజెక్టులేమీ అక్కర్లేదు. అద్దాల వంతెనలు, కొత్త ఘాట్ రోడ్లు అసలే వద్దు. మన్ననూరు, వటవర్లపల్లి, సాక్షి గణపతి, శిఖరం, ఆత్మకూరు బస్టాపుల్లో తెలుగులో ఒక్కో బోర్డు చాలు. నడక దూరం ఎంత, ఎక్కడిదాకా అనుమతి ఉంది, ఆఖరి బస్సు ఎప్పుడు, గేటు ఎప్పుడు మూస్తారు అన్న నాలుగు సంగతులు దాని మీద ఉండాలి. రెండు రాష్ట్రాల అటవీశాఖలూ చెంచు యువకులకు దారి చూపే పని అప్పగించి, ఆ రుసుము నేరుగా వాళ్ల గూడేలకే చేర్చాలి. ఆర్టీసీ పండగ రోజుల్లో నడిపే ప్రత్యేక బస్సుల్లో ఒకటి రెండైనా చలికాలం ఆదివారాల్లో నడపాలి. కార్లు తగ్గితే అడవికి శబ్దం తగ్గుతుంది. బస్సులో వచ్చినవాడు తిరుగు బస్సు వేళకు అడవిని వదిలి వెళ్తాడు కూడా.

మన వంతుగా చేయాల్సింది ఇంకా చిన్నది. ఈసారి శ్రీశైలం వెళ్లినప్పుడు దర్శనం కాగానే బస్టాండుకు పరుగెత్తకండి. ఒక పూట మిగుల్చుకోండి. పిల్లల్ని వెంటబెట్టుకుని శిఖరం దాకా నడవండి. నచ్చితే వచ్చే ఉగాదికి ఆత్మకూరు బస్సెక్కండి, వెంకటాపురంలో దిగండి, కన్నడ భక్తుల వెంట నడవండి. తీసుకెళ్లిన ప్రతి పొట్లం కాగితాన్నీ వెనక్కి తీసుకురండి. జనం పద్ధతిగా నడిచినంతకాలమే ఈ దారులు బతికి ఉంటాయి.